వంతు కర్ర

సైకిల్ షాపు మేడ మీద నుంచి,
ఆదివారం పొద్దున్న

నా కందిరీగ తల్లికి,

నాన్న వెయ్యి దీవెనలు. చాలకపోతే ఇంకో వెయ్యి వేసుకో. నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివాను, మళ్ళీ చదివాను, మీ అమ్మకి వినిపించాను, కిందికి దిగి సైకిల్ షాపతనికి వినిపించాను. అతను పంక్చర్ వేస్తూ, "బాబాయ్, ట్యూబు నీళ్ళలో ముంచినా ఇన్ని బుడగలు రావు, నువ్వు ఇందాకటి నుంచి పొంగుతూనే ఉన్నావు" అన్నాడు. అననీ. కూతురు పిలిచింది నన్ను. వాణ్ణెవరు పిలిచారు?

అసలు సంగతి చెప్తా. బస్సు డిపోలో రిటైరైన వాళ్ళమంతా కలిసి పెద్ద శిఖరానికి పోదామని పేర్లు ఇచ్చుకున్నాం. అదేనమ్మా, నువ్వు ఇదివరకు ఆ కొండలెక్కించే కంపెనీ తరఫున జనాన్ని నడిపించిన దారి. డ్రైవర్ బావ కొడుకు తన చిన్న బస్సు తీస్తానన్నాడు. అందరికీ ఒకే రంగు టోపీలు కుట్టించారు, నారింజ రంగు, కళ్ళు చెదిరిపోయేట్టు. నా టోపీ ఇంటికొచ్చేసింది కూడా. ఇంతలో నీ ఉత్తరం. "ఆ దారికి పోకు నాన్నా. అక్కడ కొండ కనపడదు, ముందువాడి వీపు కనపడుతుంది. ఇటు రా. మా పల్లెవాళ్ళ దారిలో నడుద్దాం, నువ్వూ నేనూ" అని.

నువ్వూ నేనూ! ఆ రెండు మాటల దగ్గర కాగితం తడిసింది. చెమట అనుకో.

నేను ఆ బస్సు ఎక్కనన్నానని బావ ముఖం మాడ్చుకున్నాడు. "సర్వీసంతా నా వెనకే నిలబడి విజిల్ వేసినవాడివి, ఇప్పుడు నన్నొదిలేసి పోతావా?" అన్నాడు. "సర్వీసంతా నీ వీపే చూశాను బావా, ఇక కొండ చూస్తాను" అన్నాను. ఎలా ఉంది దెబ్బ?

మీ అమ్మ రానంటోంది. "ఆయనకి నోరుంది, దానికి చెవులున్నాయి, మధ్యలో నేనెందుకు?" అంటోంది. కానీ నా సంచీ మాత్రం అప్పుడే సర్దడం మొదలుపెట్టింది.

ఒక్కటే బెంగ. ఇద్దరమే అన్నావు. మరీ ఖాళీగా ఉండదూ? నీకు తెలుసుగా, ఖాళీ సీటుతో బండి కదిలితే నాకు మనసొప్పేది కాదు. ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని మలుపు తిరిగేదాకా వెనక్కి చూసేవాణ్ణి. బూట్లు కొత్తవి కొననా? చలికోటు ఒకటి చాలా? వెంటనే రాయి.

ఆనందం పట్టలేని
నాన్న

—

కొండ మీంచి,
పాలబండి దిగే రోజు

నాన్నా,

కొత్త బూట్లు కొనకు, కాళ్ళు కొరికేస్తాయి. డిపో బూట్లే వేసుకో. కోటు ఒకటి చాలు. టోపీ తెచ్చుకో, రంగు మాత్రం లోపలికి తిప్పుకో, మేకలు బెదురుతాయి.

ఇక్కడ ఫోను పలకదు. పాలబండి వారానికోసారి వస్తుంది, దాన్లోనే ఉత్తరాలు. కాబట్టి అన్నీ ఇప్పుడే చెప్తున్నా, శ్రద్ధగా చదువు. వీధిలో చదవకు.

ఈ దారి ఏ కంపెనీదీ కాదు, పల్లెది. ఉమ్మడి కొట్టం గోడకి వరసగా కొక్కేలున్నాయి. ఇంటికో చేతికర్ర, కొక్కేనికో కర్ర. మొదటి కొక్కేనికి ఎవరి కర్ర ఉంటే, వచ్చినవాళ్ళు ఆ ఇంటి మనుషులు. ఆ ఇంట్లోనే తిండి, అక్కడే పడక, దారి చూపించేదీ ఆ ఇంటివాళ్ళే. వాళ్ళు దిగిపోయాక ఆ కర్ర చివరి కొక్కేనికి పోతుంది, తక్కినవి ఒక్కో అడుగు ముందుకు జరుగుతాయి. ఇల్లు ఉన్నన్నాళ్ళూ కర్ర గోడ దిగదు. ఒకసారికి ఒక్క జట్టు, అదీ నలుగురికి మించకుండా. ఎందుకంటే ఊట ఒక్కటే. చెంబుతో ముంచితే మళ్ళీ నిండేదాకా ఆగాలి. వచ్చినవాళ్ళు ఏం చేసినా, ఎవరి పేరు చెప్పుకుని వచ్చారో ఆ ఇల్లే పూచీ.

నా కర్ర కిందటేడే గోడెక్కింది. రెండు చలికాలాలు గడ్డి కొట్టంలో పడుకున్నాను, నాన్నా. పొమ్మనలేదు, రమ్మనలేదు. తర్వాత ఒకరోజు అవ్వ, ఇక్కడ అందరికంటే పెద్దది, తన చేత్తో చెక్కిన కర్ర తెచ్చి చివర వేలాడదీసి, "పద, పాలు పిండాలి" అంది. అంతే.

ఆ పెద్ద దారిలో ఎనిమిదేళ్ళు తాడు పట్టుకుని "కదలండి, కదలండి, వెనక జనం ఉన్నారు" అని అరిచాను. నీ గొంతే వచ్చింది నాకు. ఫొటో కోసం శిఖరం మీద వరస. ఆ వరసలో ఒక్క ముఖమూ గుర్తులేదు. మంచి ఉద్యోగం వదులుకున్నానని మీరందరూ అన్నారు. ఇక్కడ ఒక కొక్కెం ఉంది, దానికో కర్ర ఉంది. నాకంటూ ఉన్నది అదొక్కటే.

ఈ నెలాఖరుకి నా కర్ర ముందుకొస్తోంది. ఆ వంతు నీకోసం అట్టే పెట్టాను. రా.

నీ
కందిరీగ

—

సైకిల్ షాపు మేడ మీద నుంచి,
వచ్చిన మర్నాడే

నా బంగారు కందిరీగకి,

ఇంకా దిగలేదమ్మా నేను. ఒళ్ళు ఇక్కడుంది, నేను ఆ కనుమ దగ్గరే ఉన్నాను. మీ అమ్మ కాఫీ ఇచ్చి, "పంచదార సరిపోయిందా?" అంటే, "మబ్బు కింద ఉంది, మనం పైన ఉన్నాం" అన్నానట. పిచ్చెక్కిందనుకుంటోంది.

ఏం దారి! ఒక్క పురుగు లేదు. నువ్వు ముందు నడుస్తూ, రాయి కదిలే చోట ఆగి, చెయ్యి ఇచ్చేదానివి. చిన్నప్పుడు బస్సు మెట్టు ఎక్కించడానికి నేనిచ్చే చెయ్యి. కనుమ ఎక్కాక నువ్వు రాతి మీద కూర్చుని కళ్ళు మూసుకున్నావు చూడు, నేను కూడా నోరు మూసుకున్నాను. ఎంతసేపని! మీ అమ్మ నమ్మడం లేదు. "సాక్ష్యం ఉందా?" అంటోంది. అవ్వ కాల్చిపెట్టిన దుంపల రుచి నాలుక మీద అలాగే ఉంది. ఆవిడకి నా మాటలు సగం అర్థం కాకపోయినా నవ్విందంతా నవ్వింది.

దిగేటప్పుడు నువ్వన్నావు, "నీ వంటింట్లోకి రానిచ్చే మనిషికి తప్ప ఈ దారి చెప్పకు నాన్నా" అని. అక్షరాలా పాటించాను. మన వంటింట్లోకి రానివాడెవడు చెప్పు? బావ వస్తాడు, సైకిల్ షాపతను వస్తాడు, సెలూన్ తమ్ముడు వేడినీళ్ళకి రోజూ వస్తాడు. అందరికీ చెప్పాను. కేలెండర్ కాగితం వెనక దారి గీసి ఇచ్చాను కూడా. పాలబండి ఆగే మలుపు, పడిపోయిన చెట్టు, ఊట, కొట్టం, కనుమ, ఒక్కటీ వదల్లేదు. సెలూన్ తమ్ముడు దాన్ని అద్దం పక్కన అంటించాడు. గడ్డం గీయించుకునేవాడు కదలకుండా అదే చూస్తున్నాడు!

ఇంకా వినవే. డిపో వాళ్ళంతా పెద్ద శిఖరం మానేశారు! నీ దగ్గరికే వస్తున్నారు! నేనే తిప్పాను వాళ్ళని. నేను దిగిరాగానే నీ కర్ర చివరి కొక్కేనికి పోయింది కదా, మళ్ళీ ముందుకు రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో అనుకుంటే ప్రాణం ఉసూరుమంది. వచ్చేవాళ్ళు నలుగురైతే కర్రలు నత్తలా జరుగుతాయి. బండెడు మంది వస్తే? గబగబా తిరుగుతాయి! నీ వంతు చిటికెలో వచ్చేస్తుంది! ఇంత చిన్న లెక్క ఆ కొండ మీద ఎవరికీ తట్టలేదు చూడు. నీ తండ్రి బండి నింపడంలో ఎలాంటివాడో డిపోలో అడిగితే చెప్తారు.

నా మోకాలు వాచింది కాబట్టి నేను రావడం లేదు. రేపే బయల్దేరుతున్నారు. విజిల్ నేనే వేస్తాను. "కండక్టర్ గారమ్మాయి మనుషులం అని చెప్పండి, తలుపులు తెరుచుకుంటాయి" అని అందరికీ చెప్పి పెట్టాను.

ఆకాశంలో ఉన్న
నాన్న

—

కొండ మీంచి

నాన్నా,

నీ ఉత్తరం, బస్సు ఒకే రోజు వచ్చాయి. బస్సే ముందొచ్చింది.

అందరూ క్షేమంగా దిగిపోయారు. డ్రైవర్ మామయ్యకి కాస్త ఆయాసం వచ్చింది, కొట్టంలో పడుకోబెట్టాను, తగ్గింది. ఆయన టోపీ ఊటలో దొరికింది. ఆరబెట్టి పంపుతున్నాను.

నా కర్ర ఇంటికొచ్చింది. పొద్దున్న లేచి చూస్తే గుమ్మం ముందు ఉంది.

ఇంకెవరినీ పంపకు.

అమ్మని అడిగానని చెప్పు.

—

సైకిల్ షాపు మేడ మీద నుంచి,
టోపీ అందిన రోజు

నా ఇంటి దీపానికి,

ఒక్క కాగితం రాసి ఎంత మాట దాచుకున్నావే! కర్ర ఇంటికే తెచ్చిచ్చారా! మీ అమ్మకి నేనే విడమరిచి చెప్పాను. నా రిటైర్మెంటు నాడు మేనేజరు దండ వేసి, నా టికెట్ల మిషన్ నాకే ఇచ్చేసి, "ఇది ఇక మీ ఇంట్లోనే ఉండాలి" అన్నాడు, గుర్తుందా? డిపో మొత్తంలో నా ఒక్కడికే. ఇదీ అంతే! గోడ మీదున్నది గుమ్మానికొచ్చిందంటే మాటలా? మీ అమ్మ నీ ఉత్తరం తీసుకెళ్ళి కిటికీ దగ్గర మళ్ళీ చదువుకుంది. ఆవిడకి ఆనందం లోపల ఉంటుంది.

నువ్వు చెప్పకపోతేనేం, బస్సు వాళ్ళు అన్నీ చెప్పారు. వెళ్ళేసరికి మొదటి కొక్కేనికి అవ్వ కర్ర ఉందట. "కండక్టర్ గారమ్మాయి మనుషులం" అనగానే అవ్వ కాదనలేకపోయిందట. బండెడు మందికీ ఆవిడ ఇంట్లోనే వండించుకుని తిన్నారట. గంపలో దాచిన దుంపలన్నీ తీయించారట, భలే రుచట. ఊట చల్లగా ఉందని ఒక్కొక్కరూ దిగి స్నానం చేశారట. కనుమ మీద స్పీకరు పెట్టి డాన్సులు! మన బావ కూడా రెండు అడుగులు వేశాడట, అందుకే ఆయాసం. "మీ అమ్మాయి బంగారం, కాకపోతే కాస్త ముభావం" అన్నారు. "అది కందిరీగ, కుట్టలేదు, సంతోషించండి" అన్నాను.

ఇప్పుడు అసలు కబురు. బావ కొడుకు ఫోన్లో ఆ ఫొటోలు పెట్టాడు. ఎంతమంది అడుగుతున్నారనుకున్నావు! ఇక ప్రతి వారం బండి వేస్తాడట. బస్సు పక్కన పెద్దక్షరాలతో పేరు రాయించాడు. ఏమని? "కండక్టర్ దారి" అని! నా దారి! డిపో గోడ మీద నా పేరు ఎవరూ రాయలేదు కానీ, కొండకి పెట్టారు చూడు. రోజుకో పూట వెళ్ళి ఆ బస్సు చుట్టూ తిరిగొస్తున్నాను.

ఇంకెవరినీ పంపకు అని మొహమాటపడకు. నీకు శ్రమ అని తెలుసు. పల్లె బాగుపడుతుంది, నీ పేరు నిలబడుతుంది. వచ్చే బండి నిండిపోయింది.

ఉబ్బి తబ్బిబ్బవుతున్న
నాన్న

—

పెద్ద దారి, గుడారాల మజిలీ,
వానలు ఆగాక

నాన్నా,

చిరునామా చూశావుగా. పాత కంపెనీలోనే, పాత తాడే. చొక్కా మీద నంబరు మాత్రం కొత్తది. నిన్న శిఖరం మీద వరస ఎంత పెరిగిందంటే, వెనకున్నవాళ్ళు పైకి రాకుండానే పొద్దు వాలింది. "కదలండి" అని అరిచి అరిచి గొంతు పోయింది. అందుకే రాస్తున్నాను, లేకపోతే రాసేదాన్ని కాదు.

కర్ర ఇంటికి రావడం అంటే ఏమిటో నీకు చెప్పకూడదనుకున్నాను. నీ సంతోషం చూసి నోరు రాలేదు. కానీ నువ్వు దానికి దండ వేస్తున్నావు, అందుకని చెప్తున్నా. గోడ దిగిన కర్రకి వంతు లేదు. తిట్టరు, పొమ్మనరు. కర్ర తెచ్చి గుమ్మం ముందు పెట్టిపోతారు. ఇక నీకూ మాకూ ఏం లేదని. నా కర్ర పెట్టింది అవ్వే. చెక్కిన చెయ్యే. ఆవిడ ఏడ్చిందో లేదో నాకు తెలీదు, తలుపు తీసేసరికి వీపు కనపడింది.

ఆ గంపలోవి తినే దుంపలు కావు నాన్నా. విత్తనం దుంపలు. వానకి ముందు నాటడానికి దాచినవి. మీ డిపో వాళ్ళు తిన్నది వచ్చే ఏడాది పంట. నా పేరు చెప్పారు కాబట్టి వండిపెట్టింది. నా పేరు చెప్పారు కాబట్టి ఊటలో దిగుతుంటే చూస్తూ ఊరుకుంది. బురద తేరుకునేదాకా పల్లెంతా లోయలోకి దిగి నీళ్ళు మోసుకుంది. ఆ తర్వాతి వారం ఇంకో బస్సు వచ్చింది. పల్లెవాళ్ళు పడిపోయిన చెట్టు దగ్గర ముళ్ళకంప వేశారు. మీ వాళ్ళు కంప తీసి పొయ్యిలో పెట్టారు.

నేను నిన్ను ఒక్కణ్ణి రమ్మన్నాను. ఎందుకో తెలుసా? చిన్నప్పుడు నీ బస్సులో నేను ఎప్పుడూ ముందు సీట్లో కూర్చునేదాన్ని. నువ్వు అందరితో మాట్లాడేవాడివి. దిగేటప్పుడు "చూసుకో తల్లీ" అని భుజం తట్టేవాడివి, అందరు పిల్లల్నీ తట్టినట్టే. నాకో రెండు రోజులు నాన్న కావాలనిపించింది, కండక్టర్ కాదు. ఇచ్చావు కూడా. ఆ రాతి మీద నిజంగానే మాట్లాడకుండా కూర్చున్నావు. ఈ లోకంలో నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదనుకున్నాను. కిందికి దిగి, దానికీ టికెట్లు కోశావు.

నీకు ఖాళీ అంటే భయం. నేను బతికేది ఆ ఖాళీలోనే అని నీకు ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు.

కర్ర పంపుతున్నాను. నీ మోకాలికి పనికొస్తుంది. నా దగ్గరుంటే పొయ్యిలో పెట్టేసేలా ఉన్నాను.

ఇంటికి ఎప్పుడొస్తావని అడగకు.

—

సైకిల్ షాపు మేడ మీద నుంచి

అమ్మా,

కర్ర అందింది. ఉత్తరం అందింది. ఎవరికీ చదివి వినిపించలేదు.

సెలూన్‌కి వెళ్ళి అద్దం పక్కనున్న కాగితం చింపేశాను. "ఎందుకు బాబాయ్ శ్రమ, అది అందరి ఫోన్లలోనూ ఉంది" అన్నాడు సెలూన్ తమ్ముడు. గడ్డం చేయించుకోకుండానే వచ్చేశాను.

బావ ఇంటికి వెళ్ళాను. బండి ఆపించమన్నాను. "నా కొడుకు నోటి దగ్గర కూడు తీస్తావా? దారి గీసిచ్చింది నువ్వు కాదూ?" అన్నాడు. నేనే. కాదనలేదు. బస్సు మీద ఆ పేరైనా తుడిపించమన్నాను. పేరు చూసే ఎక్కుతున్నారు, తుడపనన్నాడు. ఇప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు. నా నారింజ టోపీ వాళ్ళ అరుగు మీద పెట్టి వచ్చాను.

బండి బయల్దేరే రోజు నేనూ స్టాండు దగ్గర నిలబడుతున్నాను. ఎక్కబోయేవాళ్ళకి చెప్తున్నాను. ఖాళీ లేదు, పైన చోటు లేదు, వెనక్కి వెళ్ళండి అని. సర్వీసంతా నా నోటి నుంచి రాని మాట. వాళ్ళు నవ్వుతున్నారు. "దారికి పేరున్నాయనే వద్దంటున్నాడంటే లోపల ఏదో గొప్పది దాస్తున్నాడు" అని ఇంకా తోసుకుని ఎక్కుతున్నారు. వచ్చే వారం రెండో బండి కూడా వేస్తారట. నేను నోరు తెరిచినా నిండుతోంది, మూసినా నిండుతోంది.

అవ్వకి ఒక గంపెడు విత్తనం దుంపలు పాలబండిలో పంపాను. వెనక్కొచ్చాయి. మొలకలొచ్చేశాయి దారిలోనే. మీ అమ్మ వాటిని వండలేదు, పారేయలేదు. మేడ మెట్ల కింద పెట్టింది.

మీ అమ్మ నాతో అంటోంది, "మీరు మాట్లాడకపోతే ఇల్లు ఇంత పెద్దదా" అని.

కర్ర పట్టుకుని నడవడం లేదు. మోకాలు నొప్పి పెడితే గోడ పట్టుకుంటున్నాను. గుమ్మం పక్కన మేకు కొట్టి కర్రని దానికి వేలాడదీశాను. అటూ ఇటూ ఇంకో మేకు కొట్టలేదు, చోటు అలాగే వదిలేశాను. వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతున్నారు. చెప్పడం లేదు.

మేకు ఒక్కటే కాబట్టి అదే మొదటిది, అదే చివరిది. నువ్వు ఎప్పుడొచ్చినా నీ వంతే ఉంటుంది.

నాన్న